అదల్వేన్ గారి దవడ పన్ను

మా బిషప్ అదల్వేన్ గారు ఎలుగుబంటి చేత మూటలు మోయించారని మీరూ వినే ఉంటారు. మీకు మాత్రమే చెబుతున్నాను, అది పచ్చి అబద్ధం. ఎలుగుబంటి మా కంచరగాడిదను తినేసి తన దారిన తాను పోయింది. మూటలు మోసింది నేను. ఇరవై ఏళ్లు ఆయనకు వండిపెట్టిన ఇంగోబర్గను, నాకు తెలియదా?

అలవెర్న్ సంగతి మాత్రం అక్షరాలా నిజం.

ఒక ఏడాది ద్రాక్షకోతలకు ముందు ఆయన కిందున్న ఊళ్లు చూడబోయాం. అలవెర్న్ అనే పల్లె చేరేసరికి ఆయన ఒళ్లు కాలిపోతోంది. బుగ్గ బూరెలా పొంగింది.

"ఇంగా, పోతే మా ఊళ్లో, మా అమ్మ పక్కనే పడుకోవాలి. నన్నిక్కడ వదిలేయకే," అన్నారు.

"వదలను అయ్యగారూ, ఒట్టు," అన్నాను.

ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఒకరు మెత్తటి పరుపు తెచ్చారు, ఒకరు తేనె. ఎంత మంచివాళ్లో అని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నీళ్లకని గుడి వెనక్కి వెళ్తే, ఊరిపెద్ద గుంద్రిక్ రాతి శవపేటికలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కమ్మరివాడు, గుమ్మమంత మనిషి.

"ఏం చేస్తున్నావయ్యా అందులో?"

"కొలత చూస్తున్నానమ్మా. అయ్యగారు నాకన్నా జానెడు పొట్టి. హాయిగా సరిపోతారు."

"ఆయన బతికే ఉన్నారు!"

"మాకేం తొందర లేదమ్మా. ఆగుతాం."

అప్పటికి అర్థమైంది. పొరుగూళ్లో గుడిలో, ఎప్పుడో పోయిన పునీతుడెవరిదో చిటికెన వేలుంది. దాన్ని ముద్దుపెట్టుకుంటే రోగాలు పోతాయని జనం విరగబడతారు. అలవెర్న్ గుడిలో పునీతుడి వెంట్రుక కూడా లేదు. అలాంటిది నిండు బిషప్పే వచ్చి చావడానికి పడుకుంటే వదులుతారా? ఊరి వాకిట అప్పుడే ఇద్దరిని కాపలా పెట్టారు.

ఒళ్లు మండిపోయింది. లోపలికెళ్లి అయ్యగారి నోరు బలవంతాన తెరిపించాను. లోపల దవడ పన్ను నల్లగా పుచ్చి, చుట్టూ చీము. ఓరి దేవుడా! చావూ లేదు, గీవూ లేదు, పన్నుపోటు!

"పీకించేద్దాం అయ్యగారూ."

"వద్దే. దానికన్నా స్వర్గమే నయం."

పట్టకారు గుంద్రిక్ దగ్గరే ఉంది. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాగైతే లేచి వెళ్లిపోతారు కదమ్మా. మా గతేంటి?"

"ఒరే బుద్ధిలేనివాడా, ఇక్కడ పోతే మా ఊరివాళ్లు ఊరుకుంటారా? కర్రలు పట్టుకొచ్చి పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. పన్నయితే ఎవడూ అడగడు. అదీ ఆయన ఒంటిలోదేగా?"

గుంద్రిక్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మొత్తం పన్ను మాదేనా?"

"విరక్కుండా పీకితే మొత్తం మీదే."

ఊరంతా చుట్టూ చేరి కీర్తన ఎత్తుకుంది. నేను తల పట్టుకున్నాను, నలుగురు కాళ్లు పట్టుకున్నారు. పన్ను ఊడిన క్షణాన అయ్యగారు ఏ గ్రంథంలోనూ లేని మాటొకటి అరిచారు. గుంద్రిక్ పెళ్లాం అది లాటిన్ దీవెన అనుకుని పిల్లలకు నేర్పింది. ఇప్పటికీ ఆ ఊళ్లో అన్నానికి ముందు అదే చెబుతారు.

రెండోనాటికి జ్వరం దిగింది. మూడోనాడు అయ్యగారు మూడు గిన్నెల బార్లీ గంజి తాగి, జున్ను ఏదే అన్నారు. జనం పొలిమేర దాకా ఎగురుతూ సాగనంపారు. "మళ్లీ ఏ పన్నయినా కదిలితే మమ్మల్ని మరిచిపోకండయ్యా!" అని గుంద్రిక్ కేక వేశాడు.

ఆ తర్వాత ఏడేళ్లు బతికారు. తల్లి పక్కనే, నా చేతులతోనే పడుకోబెట్టాను.

ఈ వసంతంలో నాకూ పన్నుపోటు వచ్చింది. మూడు రోజులు నడిచి అలవెర్న్ వెళ్లాను. గుడి ముందు బుగ్గలకు గుడ్డలు కట్టుకున్న జనం బారులు తీరి ఉన్నారు. లోపల ఆ పొడుగాటి రాతిపెట్టె, దాని నడిమధ్య ఎర్ర ఉన్ని మీద ఒకే ఒక్క పన్ను! పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే ఏడ్చేశాను.

"అయ్యగారూ, నేను ఇంగాను. ఈ నొప్పి ఎలాంటిదో మీకు చెప్పాలా?"

వెనక ముసలి గుంద్రిక్ పట్టకారు ఆడిస్తూ, "తగ్గకపోతే ఇదుందమ్మా," అన్నాడు.

"అక్కర్లేదు. తగ్గింది."

నిజంగానే తగ్గింది. ఏం చెప్పమంటారు?

బయట వరసలో ఒక ముసలావిడ నా కొంగు పట్టుకుంది. "నువ్వు ఆయన వంటమనిషివటగా? ఎలుగుబంటి నిజంగా మూటలు మోసిందా తల్లీ?"

"మోసిందమ్మా," అన్నాను. "నేను పక్కనే నడిచాను."