మూడో క్లచ్

కాలిన క్లచ్ ప్లేటు వాసన ఒక్కసారి ముక్కుకు పట్టుకుంటే అంత తొందరగా వదలదు. సబ్బు పెట్టి కడుక్కున్న చేతులకూ అదే వాసన, ఉతికి ఆరేసిన చొక్కాకూ అదే వాసన, ఆఖరికి నోటి దగ్గరికి తెచ్చుకున్న అన్నం ముద్దకూ అదే. హరిప్రసాద్ ఆ ప్లేటును బల్ల మీద పెట్టుకుని, దాన్ని చూడనూ లేక, చూడకుండా ఉండనూ లేక కూర్చున్నాడు. అదే కారు, అదే మనిషి. ఏడాది తిరక్కుండా ఇది రెండోసారి.

ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక విజయవాడ రోడ్డు పక్కన అతనిదొక రేకుల షెడ్డు. మామూలు కార్లు అక్కడికి రావు. ఉన్న బలం సరిపోదనుకున్నవాళ్ళ కార్లు వస్తాయి. ఇంజన్‌కు ఇంకాస్త గాలి, ఇంకాస్త పెట్రోలు పట్టించి దాని సత్తా పెంచడం అతని పని. షెడ్డు అతనిదే గానీ కింద నేల ధనరాజ్‌ది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల జొన్నచేలన్నీ ధనరాజ్ తాతలవి. ఇప్పుడవి కాలనీలయ్యాయి. మిగిలిన ముక్కల్లో ఒకటి ఈ షెడ్డు. కాలిన ప్లేటు ధనరాజ్ కారుదే.

జపాన్ నుంచి తెప్పించుకున్న టర్బో కారు అది. కొన్నప్పుడే బలమైనది. హరిప్రసాద్ చేతిలో పడ్డాక నాలుగువందల యాభై హార్స్‌పవర్‌కు చేరింది. అంత బలమూ ఇంజన్ నుంచి చక్రాలకు పోవాలంటే అన్నం పళ్లెమంత ప్లేటు ఒకటి, ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రాన్ని జారకుండా పట్టుకోవాలి. మొదటిసారి హరిప్రసాద్ మెత్తటి పూత ఉన్న ప్లేటే వేసి, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు మాత్రం బిగువైనది పెట్టాడు. మాడిపోయింది. రెండోసారి, ధనరాజ్ పట్టుబట్టినందుకు, లోహపు బిళ్ళలున్న సిరామిక్ ప్లేటు వేశాడు. పట్టుకుంటే రాక్షసిలా పట్టుకుంటుంది, లేదంటే అసలు పట్టదు. పందేల కార్లకు పెడతారు దాన్ని. అదీ మాడింది, పోతూ పోతూ ఫ్లైవీల్‌ను కూడా నీలంగా కాల్చిపోయింది.

పిచ్చెక్కించేది ఆ నీలిరంగే. వేగంగా పోయే కారులో క్లచ్ జారితే ప్లేటు ఒక తీరుగా పోతుంది. ఇది అలా పోలేదు. ఎవరో పెడల్‌ను సగం తొక్కి, అలాగే పట్టుకుని, గంటల తరబడి పెనం మీద రొట్టెను మరిచిపోయినట్టు కాల్చారు. ప్లేటు ఆ మాట స్పష్టంగా చెబుతోంది. ధనరాజ్ కాదంటున్నాడు.

కారు మీరు కాక ఇంకెవరన్నా నడుపుతారా అని మొదటి ప్లేటు పోయినప్పుడే హరిప్రసాద్ అడిగి చూశాడు. తాళంచెవిని భార్య చేతికి కూడా ఇవ్వనన్నాడు ధనరాజ్. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పెడుతున్నారా అని అడిగాడు. ఆ మాటకు ధనరాజ్ ముఖం ఎర్రబడింది.

"నాకు డ్రైవింగ్ నేర్పుతున్నవా హరీ? నిక్కరేసుకున్నప్పటిసంది ట్రాక్టర్ నడిపిన కాలు ఇది."

అనుమానం తీరాలంటే పక్కన కూర్చుని చూడాల్సిందే అనుకుని, రెండో ప్లేటు వేసిన కొత్తలోనే ఒక పొద్దున హరిప్రసాద్ ఆ కారెక్కాడు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర కొత్తగా తెరిచిన రింగు రోడ్డు మీదికి పోయారు. ధనరాజ్ బండి నడిపితే చూడముచ్చటగా ఉంది. గేరు మార్చినప్పుడు కాలు ఇలా దిగి అలా లేచింది, పెడల్ మీద రవ్వంతసేపు కూడా ఆగలేదు. హరిప్రసాద్ పట్టుకుందామనుకున్న దొంగ ఆ కారులో లేడు.

అప్పట్నుంచీ మనసు తన మీదికే తిరిగింది. బిగించేటప్పుడు తనే తప్పు చేశాడా? ఫ్లైవీల్ సమంగా లేదా? పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదా? పగలు చూసి బాగుందనుకున్న కొలతనే సాయంత్రానికి మళ్ళీ అనుమానించేవాడు. తనమీద తనకు నమ్మకం పోయిన మనిషికి లోకంలో ప్రతివాడూ తెలిసినవాడిలాగే కనిపిస్తాడు. అందరూ సలహాలిచ్చారు. టీకొట్టులో ఇచ్చారు, పక్క షెడ్డులో కారు కడిగించుకోవడానికి వచ్చినవాళ్ళిచ్చారు. ధనరాజ్ బావమరిది ఇంటర్నెట్‌లో చదివిందంతా తెల్లవారకముందే మెసేజీలు పెట్టాడు. ఆ కారు ముఖం కూడా చూడనివాళ్ళు దాని క్లచ్ గురించి మాట్లాడినంత ధీమాగా హరిప్రసాద్ తన పేరు కూడా చెప్పుకోలేకపోయాడు.

రెండో ప్లేటు విప్పిన రోజు ధనరాజ్ షెడ్డుకు వచ్చాడు. నీలం తిరిగిన ఫ్లైవీల్‌ను చెప్పుకాలితో కదిపి చూశాడు.

"ఇగ ఇది ఆఖరుసారి. ఇది గూడ మాడితే బండి బెంగుళూరు పోతది, నువ్వు జాగ ఖాళీ చేస్తవు. నాకేం కోపం లేదు హరీ. పని రానోనికి జాగ ఎందుకు, నువ్వే చెప్పు."

కోపం లేదన్న ముక్కే లోపల ముల్లులా దిగింది. షెడ్డు పోతే హరిప్రసాద్ ఎక్కడికి పోవాలో ముందే రాసిపెట్టి ఉంది. పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చిన తండ్రి బ్రహ్మానికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టుంది. చీరలు పరిచి చూపించే గాదీ మీద ఒక కొడుకు కూర్చోవలసిన ఖాళీ ఏళ్ళుగా అలాగే ఉంది. చీర మడత విప్పి, అంచు చూపించి, మళ్ళీ మడిచి, ఆడవాళ్ళు పెదవి విరిస్తే నవ్వి ఇంకోటి తీయడం. అందులో తక్కువేమీ లేదు. కానీ ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పగలిగిన చెవులు అక్కడ దేనికీ పనికిరావు.

మూడోది ఎంచుకోవడానికి అతను పడ్డ యాతన పెళ్ళికూతుర్ని వెతికేవాళ్ళు కూడా పడరు. స్ప్రింగు ఇంకా బిగువైనది పెడితే పెడల్ బరువై మోకాలు పట్టేస్తుంది. సిరామిక్ మళ్ళీ పెడితే మళ్ళీ అంతే. మిగిలింది జంట ప్లేట్ల క్లచ్. మెత్తటి పూతే, కానీ ఒకటికి రెండు ప్లేట్లు బరువు పంచుకుంటాయి. బలం తట్టుకుంటుంది, కాలికీ తేలిక. మంచి క్లచ్ అంటే అదే అని అతని చదువు, అతని చేతులు రెండూ చెప్పాయి. ధనరాజ్‌కు మాత్రం సిరామిక్‌లోనే ఇంకా పెద్దది కావాలి. గట్టిది కావాలంటాడు. గట్టిదానికీ మన్నేదానికీ తేడా ఉందని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

విడిభాగాలు తెప్పించి ఇచ్చే సీతారాములు గుంటూరు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డ మనిషి. ఆయనా ధనరాజ్ పక్షమే.

"అడిగింది పడేయండి హరిగారూ, మీకెందుకండీ గొడవ. అయినా మీ సమ్మె అయ్యేదాకా నా పార్సిలు పెద్ద అంబర్‌పేట దాటదు."

"మన సమ్మె అనండి సార్. మీరు గూడ ఈడనే ఉంటున్నరు గద."

"సరేనండీ, మన సమ్మే. పార్సిలు మటుకు నాది."

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. లారీలు ఊరి బయటే నిలిచిపోయాయి. చివరికి హరిప్రసాదే మోటారు సైకిల్ మీద పోయి, లారీ డ్రైవర్ని బతిమాలి, పెట్టెను వెనక కట్టుకుని తెచ్చుకున్నాడు. అందులో ఉన్నది జంట ప్లేట్లదే. ధనరాజ్‌కు ఆ సంగతి చెప్పాడు. ధనరాజ్ విన్నట్టు లేదు. బండి శనివారానికల్లా కావాలని మాత్రం అన్నాడు.

శుక్రవారం సాయంత్రం బండి ఇచ్చేసి హరిప్రసాద్ మీర్‌పేట్‌లోని ఇంటికి చేరాడు. భార్య రజిత సర్కారు బడి టీచరు. సమ్మెలో ఉంది. రోజూ ఊరేగింపుకు పోయి గొంతు బొంగురు పెట్టుకుని వస్తోంది. అన్నం వడ్డిస్తూ, రేపటి ఊరేగింపుకు ధనరాజన్న కారు వస్తుందా అని అడిగింది. పోయినసారి అది రాకపోతే పిల్లలంతా డీలా పడ్డారట.

ఊరేగింపుకు ఆ కారు దేనికన్నాడు హరిప్రసాద్.

"అది ముంగట లేకుంటే ఏం మజా? డప్పు కొడుతుంటే కారు ఎగురుతది. జై తెలంగాణ అన్నప్పుడల్లా గుర్రం లెక్క లేస్తది, మళ్ళ ఆగుతది. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాక గట్లనే. మీకెరుక లేదా?"

హరిప్రసాద్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నాకెట్ల ఎరుకైతది?"

"అవును, ఎట్లయితది. తెలంగాణ అంత రోడ్డు మీదున్నది, మీరొక్కరు ఇంట్ల ఉన్నరు."

ఎత్తిపొడుపే గానీ అబద్ధం కాదు. రాష్ట్రం రావాలని అతనికీ ఉంది. బంద్ పిలుపు వచ్చిన రోజున ఎవరూ చెప్పకముందే షట్టరు దించేవాడు. కానీ గుంపు మధ్య నిలబడితే తన గొంతు తనది కాదనిపించేది. నినాదం నోట్లోంచి వస్తుంటే, అంటున్నదెవరో పక్కనుంచి చూస్తున్నట్టుండేది. అందుకని షట్టరు దించి, తలుపేసుకుని ఇంట్లో కూర్చునేవాడు. అతను కూర్చున్న ప్రతిసారీ రోడ్డు మీద తన చేతిపని మాడుతోందన్నమాట.

చేయి కూడా కడుక్కోకుండా ధనరాజ్‌కు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. పొద్దున చేశాడు. ఊరేగింపు ఏర్పాట్లలో ఉన్న మనిషి ఫోనెందుకు ఎత్తుతాడు?

హరిప్రసాద్ ఎల్బీ నగర్ చేరేసరికి ఊరేగింపు కదిలిపోయింది. ముందర డప్పులవాళ్ళు, వాళ్ళ వెనక బారెడు దూరంలో జెండా కట్టిన కారు, దాని వెనక ఎటు చూసినా జనం. కారు మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతోంది. ముందుకు పోతే డప్పులవాళ్ళకు తగులుతుంది, ఆగితే వెనకవాళ్ళు మీదపడతారు. అందుకని ధనరాజ్ దాన్ని హాఫ్ క్లచ్ మీద పట్టుకుని పాకిస్తున్నాడు. నినాదం లేచినప్పుడల్లా ఇంజన్ గర్జిస్తోంది, క్లచ్ కాస్త వదలగానే కారు ముట్టె పైకెత్తి ముందుకు దూకుతోంది, మళ్ళీ తొక్కగానే ఆగుతోంది. డప్పుకు సరిగ్గా కలిసింది ఆ దూకుడు. చూస్తే హరిప్రసాద్‌కు కూడా ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. మరుక్షణం, ఆ గర్జన ఒక్కోటీ ప్లేటు మీద ఒక్కో పొర పూత అని గుర్తొచ్చి, జనంలోకి దిగి కారు వెంట నడిచాడు.

కొత్తపేట దాటుతుండగా వాసన తగిలింది. ఇంకెవరికీ తెలియలేదు. జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి పోయాడు.

"అన్నా, న్యూట్రల్ల వెయ్యుండ్రి. క్లచ్ పోతుంది."

"ఏమంటున్నవ్?"

"ప్లేటు కాలుతుంది. మీకు హాఫ్ క్లచ్ వద్దని చెప్పలేదా నేను?"

ధనరాజ్ నిజంగానే తెల్లబోయాడు. "ఇది నడుపుడా? రింగు రోడ్డు మీద నడిపితే నడుపుడు. ఇది ఊకె నిలబడుడే గద."

హరిప్రసాద్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మనిషి అబద్ధమాడలేదు. ఎలా నడుపుతారని అడిగితే, నడపడమని తను దేన్ని అనుకుంటాడో దాని గురించే చెప్పాడు. జనానికి కనిపించడానికి చేసే పని అతని లెక్కలోకే రాలేదు.

బండి ఇక్కడ ఆగిపోతే నలుగురిలో నవ్వులాట అవుతుందని అంటే అప్పుడు విన్నాడు ధనరాజ్. న్యూట్రల్ వేసి ఇంజన్‌ను ఎంత మొత్తుకోనిస్తారో మొత్తుకోనియ్యండి, బండిని జనమే నెడతారు అన్నాడు హరిప్రసాద్. నెట్టే బండిలో కూర్చోవడమా అని ధనరాజ్ గుంజుకున్నాడు. ఈ లోపల వెనక ఉన్నవాళ్ళకు సంగతి అర్థమైపోయింది. ఎవరూ పిలవకుండానే ఇరవై చేతులు డిక్కీ మీద పడ్డాయి. కారు చలించింది. ఇంజన్ న్యూట్రల్‌లో గర్జించింది. జనం ఇంకా హుషారెక్కి నెట్టారు.

కానీ ధనరాజ్ ఎడమకాలు మాత్రం పెడల్ మీదినుంచి కదల్లేదు. ఆ కాలు అక్కడ ఉన్నంతసేపూ చేయి గేరు మీదికి పోతూనే ఉంది. నినాదం వినబడగానే మళ్ళీ మొదటి గేరు పడింది, మళ్ళీ వాసన. హరిప్రసాద్ కాలు తియ్యమన్నాడు. తీస్తున్నానన్నాడు ధనరాజ్. తియ్యలేదు. తీశాననే అనుకుంటున్నాడు, అదే అసలు తలనొప్పి. మళ్ళీ చెప్పాడు, మళ్ళీ అదే. ఇక ఓపిక చచ్చిపోయింది. గేరు న్యూట్రల్‌కు రాగానే హరిప్రసాద్ తలుపు తెరిచాడు, పక్కనే నడుస్తూ నడుంవంచి లోపలికి దూరాడు, ధనరాజ్ ఎడమకాలి చీలమండను రెండు చేతులతో పట్టుకుని లేపి, పక్కన నేల మీద పెట్టాడు.

తలెత్తేసరికి ఈలలు. ఎవరో ఫోటో తీశారు. ధనరాజన్న కాలు మొక్కిండు అని ఎవరో అన్నారు, చప్పట్లు మోగాయి. ధనరాజ్ ఆశీర్వదిస్తున్నట్టు చేయెత్తాడు. కాదని చెప్పడానికి హరిప్రసాద్ నోరు తెరిచాడు గానీ, ఆ డప్పుల మోతలో కాదన్న మాటకు చోటెక్కడిది?

కారు దిల్‌సుఖ్‌నగర్ దాకా జనం చేతుల మీదే పోయింది. క్లచ్ బతికింది.

మర్నాడు ధనరాజ్ షెడ్డుకు వచ్చాడు. రోడ్డు నుంచి షెడ్డులోకి ఏటవాలుగా కాస్త ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తు మీదే కారు నిలిపి, దిగకుండా కిటికీలోంచే మాట్లాడాడు. ఎంతో సంతోషంగా ఉన్నాడు. క్లచ్ తను చెప్పిన గట్టి రకమే వేయించానని అందరికీ చెప్పాడట. జాగ ఖాళీ చేసే మాట మరిచిపొమ్మన్నాడు. ఆ ఫోటో చాలా బాగా వచ్చిందట. చౌరస్తాలో పెట్టే ఫ్లెక్సీలో దాన్నే వేయిస్తున్నాడు, యువత నమస్సులు అని కింద రాయిస్తాడట.

హరిప్రసాద్ చేతిలోని స్పానరును బల్ల మీద పెట్టాడు. కోరుకున్నది దొరికింది. దొరికిన తీరు మాత్రం కోరుకున్నది కాదు. తన పని మంచిదని షెడ్డు మిగల్లేదు, కాలు మొక్కాడని మిగిలింది. ఆ ఫ్లెక్సీ కింద రోజూ షట్టరు ఎత్తడం ఊహించుకుంటే, తండ్రి కొట్లో గాదీయే మర్యాదగా కనిపించింది.

"అన్నా, నేను మొక్కలే. మీ కాలు తీసి పక్కకు పెట్టిన."

"ఏదైతేంది హరీ. జనం చూసింది చూసిండ్రు."

"ఆ ఫోటో ఎక్కితే ఈ జాగ నేనే ఖాళీ చేస్త. నాకు గూడ కోపం లేదు."

ధనరాజ్ ముఖంలోంచి నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. ఏదో అనబోయాడు, మానుకున్నాడు, మళ్ళీ అనబోయాడు. అతను ఆలోచిస్తున్నంతసేపూ ఇంజన్ సన్నగా మూలుగుతూనే ఉంది. కారు ఎత్తు మీద ముందుకూ పోక, వెనక్కీ జారక నిలబడి ఉంది. వాసన హరిప్రసాద్ ముక్కుకు తగిలింది.

"అన్నా, కాలు."

ధనరాజ్ తల వంచి చూసుకున్నాడు. స్టీరింగు కింద ఉన్నది ఇంకెవరి కాలో అన్నట్టు కాసేపు అలాగే చూశాడు. తర్వాత హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తీసి, పెడల్ మీదినుంచి కాలిని వెనక్కి తెచ్చుకున్నాడు. ఇంజన్ ఆపేశాడు. 

"ఎప్పటిసంది పెట్టిన?" అన్నాడు. ఆ గొంతులో దర్పం లేదు.

"ఒచ్చినప్పటిసంది."

ధనరాజ్ కారు దిగాడు. ఫోన్ తీసి ఫ్లెక్సీవాడికి చేశాడు. ఆ ఫోటో తీసేయమని, దాని బదులు డప్పులవాళ్ళది వేయమని చెప్పాడు. ఎందుకని అవతలివాడు అడిగినట్టున్నాడు. చెప్పింది చెయ్యమని కసిరి పెట్టేశాడు. తర్వాత బల్ల పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, ఆ కాలిన ప్లేటును చేతిలోకి తీసుకుని, ఇది ఎట్లా పనిచేస్తుందో మొదటినుంచీ చెప్పమన్నాడు.