ఐదో కుర్చీ

నేను ఒక మడత కుర్చీని. ఇనప గొట్టాలు, నీలం రంగు నైలాన్ నవారు, మోచేతుల కింద రెండు చెక్కలు: అంతే నా ఆస్తి. రాజమండ్రిలో ఒక వెల్డింగ్ షాపులో పుట్టి, షామియానాలు అద్దెకిచ్చే ఆయన దగ్గర ఆరేళ్లు పెళ్లిళ్లు తిరిగాను. జనం నా మీద చేతిరుమాలు వేసి భోజనానికి పోయేవాళ్లు. కాళ్లు పీకే ముసలమ్మలు నిలబడే ఉండేవాళ్లు, రుమాలు మాత్రం దర్జాగా కూర్చునేది.

చివరికి నన్ను మణిమాల కొనుక్కుంది. నడుం నొప్పి మనిషి. "నా వీపు బాధ దీనికొక్కదానికే తెలుసు" అనేది. ఆమె, భర్త పురుషోత్తం, కూతురు అపర్ణ, అల్లుడు, మనవరాలు లాస్య ఏటా సముద్రం పక్క రోడ్డు పట్టుకుని తిరిగేవాళ్లు. పాత మినీ బస్సులో పరుపులు, పొయ్యి బిగించుకుని దానికి కారవాన్ అని గొప్ప పేరు పెట్టుకున్నారు. ఒకసారి టీ కొట్టు దగ్గర మణిమాలను మరిచిపోయి మూడు కిలోమీటర్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆవిడ పెట్టిన చీవాట్లు నేను చెప్పను! అప్పట్నుంచి ఆవిడదే రూలు: ఎవరి కుర్చీ వాళ్లే మడిచి బండి వెనక కొక్కేనికి తగిలించాలి. కుర్చీలు ఐదుంటే మనుషులు ఐదుగురూ ఎక్కినట్టే.

తర్వాత మణిమాల పోయింది. అయినా మరుసటి ఏడు పురుషోత్తం నన్ను వెంట తెచ్చాడు. ఆగిన చోటల్లా తన పక్కనే సముద్రం వైపు వేసేవాడు, ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. గౌరవమే, కాదనను. కానీ నాకు ఒంటరిగా ఉండేది. ఆయన పక్కనే ఉన్నా ఒంటరిగానే ఉండేది.

ఉప్పాడ దగ్గర ఆ మధ్యాహ్నం ఒకటే గాలి. అన్నంలో ఇసుక పడుతోంది.

"మావయ్యగారూ, అత్తయ్యగారి కుర్చీ మడిచేద్దామండీ, ఎగిరిపోద్ది" అన్నాడు అల్లుడు.

"ఉండనీవయ్యా" అన్నాడు పురుషోత్తం.

నాలుగు కుర్చీల మీదా మనుషులున్నారు. నా మీద ఎవరున్నారు? బండికి కట్టిన టార్పాలిన్ తాడు తెగి ఆయన మొహాన కప్పుకుంది. అందరూ దాన్ని లాగే హడావిడిలో ఉండగా గాలి నన్ను ఎత్తుకుపోయి సరుగుడు తోటలో పడేసింది. ఆయన కళ్లనిండా ఇసుక. కూతురు చెయ్యి పట్టి బండి ఎక్కించింది. ఆయన కుర్చీని అల్లుడే మడిచాడు.

"కుర్చీలెన్నే?" లోపల్నుంచి అపర్ణ అరిచింది.

"నాలుగు!" అంది లాస్య.

"అందరం ఉన్నాం. పోనివ్వండి."

లెక్క సరిపోయింది మరి. ఎవర్నని ఏం లాభం? బండి కనుమరుగయ్యేదాకా చూస్తూ పడి ఉన్నాను.

పొద్దు వాలుతుండగా చేపలమ్మే పోలమ్మ గంప దించి, నన్ను లేవనెత్తి కూర్చుంది. "అమ్మయ్య!" అంది. ఏడాది తర్వాత ఒక మనిషి బరువు! నా గొట్టాలు కిర్రుమన్నాయి. అంతలో రోడ్డు మీంచి గాలికి ఎదురీదుతూ పురుషోత్తం వచ్చాడు. దూరంగా బండి ఆగి ఉంది.

"గాలి తెచ్చి పడేసిందండి. మీదాండీ?" పోలమ్మ నడుం పట్టుకుని లేవబోయింది.

"నడుం నొప్పా తల్లీ?"

"ఆయ్, గంప మోసీ మోసీ పట్టేసిందండి."

ఆయన నా చెక్క మీద చెయ్యి వేశాడు. నన్ను తీసుకుపొమ్మని ఎంత అనుకున్నానో!

"కూర్చోమ్మా" అన్నాడు. "నాది కాదు."

ఇప్పుడు పోలమ్మ గుడిసె ముందుంటాను. పొద్దున్నే ఆమె గంపెత్తుకుని పోతుంది, సాయంత్రం దాకా నేనూ సముద్రమే. గాలి రోజున నా మీద ఒక రాయి పెట్టి పోతుంది. ఈ ఏడు కారవాన్ ఇటే వెళ్లింది, ఆగలేదు. వెనక నాలుగు కుర్చీలున్నాయి. ఐదో కొక్కేన్ని మాత్రం ఎవరూ పీకెయ్యలేదు.