ఇంజనుకు ఎదురు

మా మరిది ఆనందరావు నీళ్లు తోడే ఇంజను కొన్నాడు. యుద్ధం అయిపోయాక ఎవరో వదిలించుకున్న దాన్ని నరసరావుపేట నుంచి బండి మీద తెప్పించాడు. అది ఇల్లు చేరకముందే మా ఉమ్మడి బావి మీద మోట తోలే ఎడ్లను అమ్మేశాడు. చనిపోయిన నా భర్త వాటా ఆ బావిలో నాకుంది. నా మిరపనారుకు ఆ నీళ్లే దిక్కు. నారు పోతే ఆ ఏడాది నాకు పంట లేదు. ఎడ్లను అమ్మేటప్పుడు ఈ సంగతి అతనికి తట్టలేదు.

బిగించడానికి వచ్చిన మౌలాలీ అందరూ వినేటట్టే చెప్పాడు.

"ఇది రెండు దెబ్బల ఇంజను సార్. పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి, అంతే, పేలుద్ది. నాలుగు దెబ్బల దానికి మల్లే వాల్వులుండవు. ఎటు తోస్తే అటే తిరుగుద్ది, దానికి రెండూ ఒకటే. పంపు మాత్రం ఒక పక్కకి తిరిగితేనే నీళ్లు లాగుద్ది. చక్రాన్ని తూరుపుకే తొయ్యండి."

మా మరిది కొత్త చొక్కాకు మరక అంటకుండా చూసుకుంటున్నాడు. "నాకు తెలవదా ఏంది," అన్నాడు.

మొదలుపెట్టే రోజున సగం ఊరు వచ్చింది. మా మరిది ఇంజను తల ఎర్రబడేదాకా మంటతో కాల్చి చక్రం తోశాడు. ఢబ్‌ఢబ్‌మని లేచింది. పొగ వచ్చింది, బెల్టు తిరిగింది, జనం చప్పట్లు కొట్టారు. నీళ్లు రాలేదు.

మా మరిది గొట్టంలోకి చూశాడు, బావిలోకి చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు.

"వదినా, నువ్వెందుకు ఎదురొచ్చావు?"

"నా నీళ్ల కోసం."

"మొగుడు పోయినదానివి, శుభమా అని మొదలుపెడితే ముందుకొచ్చి నిలబడతావా? ఇంకెప్పుడూ ఇటు రామాక."

శకునాలు నమ్మటం పాపమని ఆదివారం గుళ్లో వాక్యం చెప్పే మనిషి ఇతనే. మిగతా వారమంతా ఆ వాక్యానికి సెలవు కాబోలు.

ఆ తరువాత ఇంజను పొద్దస్తమానం మోగింది. బావిలో నీళ్లు కదల్లేదు. నారు తలలు వాల్చేసరికి నేను వెళ్లి సరిగ్గా ఇంజనుకు ఎదురుగా నిలబడ్డాను.

"మళ్లీ తగలడ్డావా," అని కోపంతో నూనె కట్టేశాడు. చక్రం నెమ్మదించింది. మళ్లీ కాల్చి లేపటం ఎంత పనో గుర్తొచ్చి గబుక్కున నూనె వదిలాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి, ఆగబోతున్న చక్రాన్ని వెనక్కి తన్నింది. బెల్టు ఎదురు తిరిగింది. గొట్టంలో నుంచి నీళ్లు ఎగిరొచ్చి అతని చొక్కా మీద పడ్డాయి.

అన్నాళ్లూ పడమరకు తిరిగిన చక్రం ఇప్పుడు తూర్పుకు తిరుగుతోంది. మౌలాలీ మాట నాకు అప్పుడు అర్థమైంది. మా మరిదికి ఇప్పటికీ కాలేదు. అతను చక్రం వైపు చూడనే లేదు, నోరు తెరిచి నా మొహమే చూశాడు.

మర్నాడు పొద్దున్నే మా గడపలో ఉన్నాడు.

"వదినా, ఇంజను లేపుతున్నా. వచ్చి ఎదురుగా నిలబడు."

"నిన్నటిదాకా నాది పాడుమొహం గదా అబ్బాయ్."

"నువ్వు నిలబడబట్టే నీళ్లొచ్చినయ్. నేను కళ్లారా చూశా."

"మొదటి తడి నా నారుకు పెడితే రోజూ వస్తా."

పెట్టాడు. నారు తేరుకుంది. నేను రోజూ వెళ్లి నిలబడుతున్నాను. చక్రం ఎప్పుడైనా పడమరకు తిరిగితే రెండడుగులు పక్కకు జరిగి, "ఆపి మళ్లీ తొయ్యి, నేను సరిగ్గా నిలబడలేదు," అంటాను. మా మరిది తల ఊపి ఆపుతాడు.