సున్నపు అక్షరాలు

గుర్రం మళ్ళీ పరుగెత్తింది. తెర మీద ఎడమ అంచు నుంచి కుడి అంచుదాకా, నాలుగు కాళ్ళూ ఒక్కసారే కదిలించి, మూలన మాయమైంది. దాని కింద నాగరి లిపిలో సంస్కృత వాక్యం ఒకటి వెలిగింది. కదిరప్ప దాన్ని చదవనైనా చదవకుండా, మౌస్‌ను పురుగును అదిమినట్టు అరచేత్తో అదిమి రెండో పాఠంలోకి వెళ్ళాడు.

తొమ్మిది నెలలుగా ఇదే వరస. పాత లిపులు నేర్పుతుందని బెంగళూరు ఫుట్‌పాత్ మీద కొన్న ఆ సీడీకి జ్ఞాపకశక్తి లేదు. మధ్యలో కరెంటు పోతే మనిషి ఎంతదూరం వచ్చాడో మరిచిపోయి మళ్ళీ గుర్రం దగ్గర నిలబెడుతుంది. పెనుకొండలో ఆ ఏడు ఉదయం తొమ్మిదింటికల్లా కరెంటు పోయేది. బస్టాండు వెనక అతని చెల్లెలి కూతురు స్వప్న నడిపే కంప్యూటర్ సెంటరు ఎనిమిదింటికి తెరిచేవారు. రోజుకు గంట చదువు, అందులో సగం నిన్నటి చోటికి చేరుకోవడానికే.

ఈరోజు మే ముప్పై ఒకటి. సాయంత్రం ఐదింటికి కదిరప్ప ఉద్యోగం ముగుస్తుంది. కొండ మీద శాసనపు రాతికి ఇరవై ఆరేళ్ళు కాపలా ఉన్నాడు. అందులో ఏం రాసి ఉందని అడిగినవాళ్ళందరికీ, తనకన్న ముందు కాపలా ఉన్న దాసప్ప చెప్పిన కథే చెప్పాడు: పూలమ్మే ఆడమనిషికి ఒక రాజు తోట రాసిచ్చాడని. కిందటి ఆగస్టులో ఎవరో ఒక ఆడపిల్ల కథంతా విని, "నువ్వు చదివినావా తాతా? యాడుండాది పూలమ్మ పేరు? ఏలు పెట్టి చూపీ," అంది. అతని వేలు పద్నాలుగు వరసల మీదా తిరిగి ఎక్కడా ఆగలేకపోయింది. ఒక్క వరసైనా వేలు పెట్టి చదివిన తరువాతే తాళాలు అప్పగించాలని ఆ రాత్రే అనుకున్నాడు.

ఎనిమిదీ నలభై. శాసనంలోని అక్షరాలను అచ్చంగా దించుకున్న నోట్‌బుక్కు తెర పక్కన పెట్టి, సీడీలోని అక్షరాల పట్టీతో ఒక్కొక్కటీ పోల్చి చూస్తున్నాడు. గుర్తుపట్టాననుకుని మౌస్‌తో గీసి చూపిన ప్రతిసారీ తెర మీద ఎర్ర గుర్తు పడి, పళ్ళెం జారినట్టు శబ్దమయ్యేది.

స్వప్న వెనక నిలబడి చూసింది. "మామా, నువ్వు దించుకున్నేటివి ఈ పట్టీలో యాడా లేవే. నువ్వే తప్పు రాసుకోనుండావేమో."

"ఇరవై ఆరేండ్లు చూసినోన్ని. కండ్లు మూసుకోని రాస్తా. ఈ సీడీ చేసినోడు మన కొండెక్కి చూసినాడా?"

"వాడే కాదు, వాని గుర్రం గూడా ఎక్కలేదులే మామా."

అతను మళ్ళీ పట్టీ వైపు తిరిగాడు. ఇంకా పదిహేను నిమిషాలుండగానే కరెంటు పోయింది.

కొండెక్కేసరికి పది దాటింది. ఖాకీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. మొదట సున్నం కలిపాడు. కొత్తగా వచ్చేవాడికి రాయిని శుభ్రంగా అప్పగించాలని ఉద్దేశం. ఏటా పురావస్తుశాఖ పెద్దసారు తనిఖీకి వచ్చే ముందు చేసే పనే అది: కొబ్బరిపీచుతో ఇసుక వేసి రాయిని తోమడం, ఆరాక బంక కలిపిన సున్నాన్ని సన్నని బ్రష్షుతో అక్షరాల గాడుల్లో నింపడం. "తెల్లంగా కనబడాలప్పా. సారు జీపు దిగడు, ఆన్నుంచే చూస్తాడు," అని నేర్పింది దాసప్పే. ఆ పనిలో కదిరప్పకు మంచి పేరుంది. అతని బొటనవేలి పగుళ్ళలో సున్నం ఎన్ని స్నానాలకూ పోలేదు.

బ్రష్షు డబ్బాలో ముంచాడు కానీ చెయ్యి రాయి మీదికి పోలేదు. స్వప్న మాట గుచ్చుకుంటోంది. సీడీదే తప్పని తేల్చుకోవడానికి, తాగే నీళ్ళతో తువాలు తడిపి మూడో వరసలో ఒక అక్షరం తుడిచాడు. సున్నం కరిగింది. దాని కింద ఉలి గాడి లేదు. ఒక గీత రాతికి పుట్టుకతో వచ్చిన పగులు. రెండోది ఏమీ కాదు, ఉత్త నునుపు. పక్క అక్షరం తుడిచాడు. ఆ పక్కది తుడిచాడు. కడవలో నీళ్ళు అయిపోయేసరికి ఎనిమిది వరసలు పోయాయి. వాటి కింద రాయి, ఏళ్ళ తరబడి రుబ్బిన రోటిలాగా, మెరుస్తోంది.

అతనికి అర్థమైంది. ఇసుకతో తోమి తోమి ఉన్న అక్షరాలను తనే అరగదీశాడు. బ్రష్షు ఏ ఏడూ రాతిని చూడలేదు. తోమాక మసకగా మిగిలే కిందటేటి తెలుపును చూసి నడిచింది. వచ్చినవాళ్ళందరూ ఫొటోలు తీసుకున్నది తన చేతిరాతను. తొమ్మిది నెలలు సీడీ పెట్టిన ఎర్ర గుర్తుల్లో ఒక్కటీ తప్పు కాదు.

నోట్‌బుక్కు విసిరికొట్టాడు. దాసప్పను తిట్టాడు, జీపు దిగని సార్లను తిట్టాడు, ఆ గుర్రాన్ని తిట్టాడు. అలసిపోయి రాతి మొదట్లో కూర్చున్నాడు. దాసప్పా, ఆ తరువాత ఇరవై ఆరేళ్ళు తనూ ఊడ్చిన ఆకులూ దుమ్మూ అక్కడే చేరి జానెడు ఎత్తున గట్టిపడ్డాయి. ఊరకే, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, సున్నం డబ్బా మూతతో ఆ మట్టిని గీకాడు. మూత అంచుకు ఏదో తట్టుకుంది.

పదిహేనో వరస. దాసప్ప కూడా చూడనిది. పీచు తగలని, సున్నం ఎరగని అక్షరాలు, నిన్న చెక్కినట్టు పదునుగా ఉన్నాయి. పట్టీలో ఉన్నవే. కదిరప్ప బోర్లా పడుకుని వేలు పెట్టాడు. మం. గ. ళ. నాలుగోదాని దగ్గర తడబడి, వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టాడు. మంగళ మహా శ్రీ. పైకి చదివాడు. ఎర్ర గుర్తు పడలేదు.

నాలుగింటికి హనుమంతు వచ్చాడు. హిందూపురం వైపు నుంచి బదిలీ మీద వస్తున్న కొత్త కాపలాదారు. కదిరప్ప అతన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, వేలు పెట్టి ఆ వరస చదివి వినిపించాడు. హనుమంతు తల ఊపాడు.

"నేను ముందుండిన తావున గూడా రాళ్ళకి అడుగున అదే ఉండాదన్నా. సార్లు చెప్తాండిరి. రాసేది అయిపోయిందని అట్ల రాస్తారంట."

కదిరప్ప వేలు రాతి మీదే ఉంది. తియ్యకుండానే అడిగాడు. "నువ్వు చదివినావా?"

"నాకేడొస్తాదన్నా."

"నేను చదివినా."

అప్పగింత కాగితం మీద ఉన్నవి కొన్నే: తాళంచెవులు, చీపురు, కడవ, సున్నం డబ్బా, బ్రష్షు. సంతకం చేశాక, రాతికి ఇంక సున్నం పూయొద్దని చెప్పాడు.

"మల్ల సారొస్తే?"

"జీపు దిగి చూడమను."

నోట్‌బుక్కు ఏరుకోకుండానే మెట్లు దిగిపోయాడు. రాతి పక్కన, మట్టి కొట్టుకున్న మూత పెట్టకుండా వదిలేసిన సున్నం డబ్బాలో, వాడని బ్రష్షు ఎండకు మెల్లగా గట్టిపడుతోంది.