పాత రేవు పోటు

పోటు వేళకి ఎడమచేత్తో స్తంభం పట్టుకుని, కుడిచేత్తో బార్లీ గంజి కలపడం తెత్తాకు ఏళ్లనాటి అలవాటు.

బ్రిటన్ తీరాన తానెట్ దీవిలో ఆమె ఇంటికి కప్పు, వాళ్లని సముద్రం దాటించిన పడవే. ఒడ్డు చేరిన ఏడు, "ఇంక తిరిగి పోయేదెక్కడికి వదినా" అంటూ హోర్సా స్వయంగా భుజం పట్టి దాన్ని స్తంభాలమీద బోర్లించాడు. ఆయనా, అన్న హెంగిస్టూ వాళ్ల జూట్ తెగకంతా నాయకులు. అయినా తెత్తా రొట్టె మాడిస్తే మాడిన ముక్కే అడిగి తినేవాడు హోర్సా.

పడవ మాత్రం పాత ఊరిని మరవలేదు. అక్కడి రేవులో పోటెక్కినప్పుడల్లా ఇక్కడ ఇల్లు ఊగేది. ఆ ఊపు పడవలో వచ్చినవాళ్లకే తెలిసేది. బెంగ పుట్టిన ముసలాళ్లు వచ్చి, కాసేపు ఊగి, కళ్లు తుడుచుకుని వెళ్లేవాళ్లు.

కోడలు కైన్వెన్ ఇక్కడి బ్రిటన్ల పిల్ల. అత్త తూలితే నవ్వేది.

"పొద్దున్నే పట్టించావా, అత్తా?"

"నోర్ముయ్యవే. మీ మట్టికాళ్లకేం తెలుసు!"

ఆ వేసవిలో బ్రిటన్లతో జరిగిన పోరులో హోర్సా కూలిపోయాడు. తెత్తా కొడుకూ తిరిగి రాలేదు. హోర్సా అనుచరులు పగతో రగిలిపోయి, దీవిలో కనబడ్డ బ్రిటన్లనల్లా ఆవలి ఒడ్డుకు బానిసలుగా తోలుతున్నారు. ఒక మధ్యాహ్నం ఓస్లాఫ్ తెత్తా గుమ్మంలోకి వచ్చాడు. ఒకప్పుడు ఈ పడవలోనే ఆమె భర్త పక్కన కూర్చుని తెడ్డు వేసినవాడే.

"తెత్తక్కా, కోడల్ని పంపు. గొడవొద్దు."

"నెలలు నిండిన మనిషిరా. కడుపులో ఉన్నది నా కొడుకు బిడ్డ."

"నీ కొడుకుని చంపింది దీనివాళ్లే. నీకు కడుపు మండదూ?"

"మండుతోంది. అందుకని దీన్ని కాల్చుకోమంటావా?"

ఓస్లాఫ్ కైన్వెన్ చెయ్యి పట్టుకోబోయాడు. సరిగ్గా అప్పుడే పాత రేవులో పోటెక్కి ఇల్లు ఊగింది. అతను గోడకి ఆనుకున్నాడు. కైన్వెన్ కూడా తూలింది. స్తంభాన్ని వాటేసుకుని, "అత్తా, నేల కదులుతోంది!" అంటూ భళ్లున కక్కింది. అతను అటు ఒరిగితే తనూ అటు, ఇటు ఒరిగితే ఇటు.

ఓస్లాఫ్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తొలిసారి నేనూ ఇలాగే కక్కాను, బావ కాళ్లమీద" అన్నాడు మెల్లగా. బయట ఉన్నవాళ్లకి కేకేశాడు. "పదండి. ఇది మన పడవ మనిషే."

మళ్లీ ఎవరూ రాలేదు.

వాళ్లు వెళ్లగానే తెత్తా కోడలి మొహం కడిగింది. అప్పుడు తెలిసిందామెకి. ఇల్లింకా ఊగుతూనే ఉంది, కైన్వెన్ కళ్లు చూస్తే తెలుస్తోంది. తెత్తా కాళ్లకింద మాత్రం నేల నేలలాగే ఉంది. ఇన్నేళ్లలో పోటు వేళ ఎన్నడూ అలా లేదు.

ఆమె కోడలి పక్కనే కూలబడింది.

"ఎలా ఉందే? చెప్పు."

కైన్వెన్ కళ్లు మూసుకుంది. "ఒడ్డునుంచి ఎవరో ఆడమనిషి పిలుస్తోంది, అత్తా. పేరు సరిగా వినబళ్లేదు."

"ఆ రేవులో వదిలొచ్చిన మా అమ్మే అయ్యుంటుంది" అంది తెత్తా. "ఇంకాస్త విను తల్లీ."