తడి ఆరనివ్వని స్ఫటికాలు

ఆనాడు ఓడిపోయింది ఒక విద్యార్థి చేసిన స్ఫటికమా, లేక తన చెయ్యా అన్న అనుమానం వెంగ్ సుయింగ్‌ను ఆరేళ్లుగా వదల్లేదు.

ఫుజౌలో ఒక ప్రయోగశాలలో వాయువులు కొలిచే యంత్రం ఆమె చేతికింద ఉండేది. విద్యార్థులు అణువులకు చేయీ చేయీ కలిపి, నడుమ కంటికి ఆనని గదులు వదిలి, స్ఫటికాల పొడి తెచ్చేవారు. గదుల్లో నిలిచిన ద్రావకాన్ని వెళ్లగొట్టి, అవి ఎంత గాలి పట్టుకుంటాయో ఆమె చెప్పాలి. జువో యెన్‌చింగ్ తెచ్చిన పొడికి ‘వేడి వద్దు’ అని చీటీ ఉంది. మర్నాటి నుంచి అక్టోబరు సెలవులు. తొందరలో పొడులున్న ఆరు గొట్టాలనూ ఒకేసారి నూట ఇరవై డిగ్రీలకు పెట్టేసింది. అతని పొడి ఏమాత్రం గాలి పట్టలేదు. “నా అల్లికే బలహీనం పిన్నీ” అని అతను వేరే పని ఎత్తుకున్నాడు.

ఆమె నోరు విప్పలేదు. ప్రతి పౌర్ణమికీ కరుణ దేవత గ్వాన్‌యిన్ తల్లి ముందు అగరొత్తులు వెలిగించి తప్పు ఒప్పుకునేది. తల్లి వింటుంది, సరే. కానీ వినవలసింది తల్లి కాదు కదా?

ఈ వసంతంలో జువో ఉపన్యాసం ఇవ్వడానికి ప్రయోగశాలకు వచ్చాడు. ఇప్పుడు చువాన్‌జౌలో పాఠాలు చెబుతున్నాడు.

“ఇంకా ఈ యంత్రాన్ని తిడుతూనే ఉన్నారా పిన్నీ?”

“తిట్టకపోతే నడవదు. కూర్చో చిన్న జువో, నీకొకటి చెప్పాలి.”

చెప్పింది.

“అప్పుడే చెబితే కోప్పడతానని భయపడ్డారా?”

“కోప్పడినా బాగుండేది. నిన్ను నువ్వే తిట్టుకున్నావు.”

ఆమె బీరువాలోంచి చిన్న సీసా తీసింది. ఆనాడు మిగిలిన పొడి, అసిటోన్ ద్రావకంలో మునిగి ఉంది. ఆరితే గదులు కూలిపోతాయని, తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చింది.

“ఆరేళ్లా? పిల్లలకైనా ఇన్నాళ్లు పాలు పట్టరు పిన్నీ.” నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు. “రైలు ఎల్లుండికి మార్చుకుంటాలెండి.”

ఈసారి వేడి పెట్టలేదు. ఒక పగలు, ఒక రాత్రి పంపుతోనే ద్రావకాన్ని లాగింది. మర్నాడు కొలతకు గొట్టాన్ని చల్లబరచడానికి ద్రవ నత్రజని పోసింది. గాలి పట్టకపోతే తప్పు తనది కాదు. పట్టిందంటే తనదే. అయినా పట్టాలనే మొక్కుకుంది.

తెరమీద చుక్కలు మొదట్లోనే నిట్టనిలువుగా లేచి, పైన చదునుగా సాగాయి.

“పట్టింది పిన్నీ,” అన్నాడు జువో నెమ్మదిగా.

ఆమె కాగితం అచ్చుతీసి, పైన అతని పేరు రాసి, రెండు చేతులతో అందించింది.

“నువ్వు అడిగిన కొలత. ఆలస్యమైంది నాయనా.”

అతను రెండు చేతులతో అందుకున్నాడు.