రెండున్నర మూరల మంచం

నా నడుం నొప్పికి మగ్గమే కారణమని మా వీధి వీధంతా తీర్మానించేసింది. ఎమ్మిగనూరులో ఏ ఆడమనిషికి నడుం పట్టినా తప్పు మగ్గం మీదకే పోతుంది. డాక్టరు మాత్రం ఇంకో మాట అడిగాడు.

"ఏం పరుపు మీద పండుకుంటావమ్మా?"

"దూది పరుపు. మా పెండ్లికి కుట్టించింది."

"గుంతలు పడినాయా?"

"పడినాయి."

"దాన్ని తీసేయ్. గట్టిగా ఉండే స్ప్రింగు పరుపు కొనుక్కో. ల్యాకుంటే ఆరు నెలలకు మగ్గంలో కూసోలేవు."

ఆయన అడగనిదీ, నేను చెప్పనిదీ ఒకటుంది. ఆ పరుపులో గుంతలు రెండు. గోడ వైపుది నాది. వాకిలి వైపుది మా ఆయన శంకరప్పది. ఆయన బరువైన మనిషి, గుంత కూడా లోతు. ఆయన పోయి ఏడాది ఎనిమిది నెలలైంది. చుట్టాలందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయిన రోజు నుంచి నేను నా గుంత వదిలేసి ఆయన గుంతలో పడుకుంటున్నాను. నాకు అది పెద్దది. ఒక పక్కకు ముడుచుకుని పడుకుంటే గానీ ఇమడను, తెల్లారేసరికి నడుం కొయ్యబారిపోతుంది. అయినా మర్నాడు మళ్ళీ అందులోనే పడుకుంటాను. ఈ సంగతి పక్కింటి జయమ్మకు కూడా చెప్పలేదు. చెబితే జాలి పడుతుంది, జాలి పడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కానీ మగ్గం పోతే ఎలా? మాకు పిల్లలు లేరు. ఆయన ఉన్నప్పుడు ఆయన నేసేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని. ఇప్పుడు రెండూ నేనే. పొద్దున మగ్గం చప్పుడు మొదలైతేనే ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టుంటుంది. ఆ చప్పుడు కూడా ఆగిపోతే ఆ ఇంట్లో నేనుండలేను. అందుకే, ఇష్టం లేకపోయినా, పరుపు కొనడానికి బయలుదేరాను.

ఎమ్మిగనూరులో రెండు దుకాణాలు చూశాను. ఒకచోట అన్నీ మెత్తవే. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయింది, ఇంకో గుంత కొనుక్కోవడానికి నేనెందుకు పోవాలి? రెండోచోట స్ప్రింగు పరుపులున్నాయి గానీ, కంపెనీ పేరు ఎంత పెద్దగా కుట్టారో ధర అంతకన్నా పెద్దగా చెప్పారు. నా దగ్గరున్నది పదివేలు. ఆదోనిలో చవగ్గా దొరుకుతాయని జయమ్మ చెబితే పొద్దున్నే బస్సెక్కాను.

ఆదోని దుకాణాయన పేరు తిరుపాల్. యాభై దాటిన మనిషి, అద్దాలు ముక్కు చివర పెట్టుకుని మాట్లాడతాడు. నేను లోపలికి వెళ్ళగానే నా అలవాటు కొద్దీ పరుపు మీది గుడ్డను రెండు వేళ్ళతో పట్టి, వెలుతురుకు ఎత్తి చూశాను.

"ఇది మిల్లు గుడ్డ. పోగులు ఎడంగా ఉండాయి" అన్నాను.

"గుడ్డను యాంటికి సూస్తావమ్మా, చీర కొంటాండావా? లోపల తీగ సూడు." ఒక పక్క కోసి పెట్టిన పరుపు ముక్కను చూపించాడు. లోపల స్ప్రింగులు ఒకదానికొకటి తీగతో కట్టి ఉన్నాయి. దాని మీద మోకాలు వేసి నొక్కాడు. "తీగ లావుగా ఉంటే గట్టి. పైన మెత్త ఎంత ఎక్కువుంటే అంత బిరీన కుంగిపోతుంది. నడుం నొప్పి అంటాండావు గదా, మెత్తకు దుడ్లు పెట్టద్దు, తీగకు పెట్టు. ఇది ఈడనే ఆదోనిలో కుట్టించింది. పేరు ల్యాదు, అందుకే అగ్గువ."

మనిషి సూటిగా మాట్లాడతాడని అనిపించింది. చేత్తో నొక్కి చూడబోతే ఆపాడు.

"సెయ్యితో తెలీదమ్మా. పండుకుని సూడవల్ల. సిగ్గుపడద్దు, అందరూ పండుకుంటారు."

పక్క పరుపు మీద ఒక కొత్త జంట కూర్చుని, ఎగిరి ఎగిరి చూసుకుంటూ నవ్వుతున్నారు. నేను కొంగు సర్దుకుని పడుకున్నాను. వీపు కింద గట్టిగా, చదునుగా ఉంది. ఎటూ జారలేదు. ఏదో పరాయి వాళ్ళింటికి వచ్చి పడుకున్నట్టు అనిపించింది.

"పదేండ్లయినా గుంత పడదు. నాది గ్యారంటీ" అన్నాడు తిరుపాల్. అతను మంచి మాటగానే అన్నాడు. నాకు మాత్రం ఇక దాని మీద పడుకోబుద్ధి కాలేదు, లేచి కూర్చున్నాను.

"ఎంతమంది పండుకుంటారమ్మా?"

"ఇద్దరం."

ఎందుకన్నానో నాకే తెలియదు. ముప్పై ఏళ్ళు నోటికి అలవాటైన మాట, అదే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఆ దుకాణంలో నన్నెవరూ ఎరగరు. అక్కడ కాసేపు ఆయన ఉన్నా ఎవరికీ నష్టం లేదు.

"మీ ఆయన ఎట్లుంటాడు, లావా, సన్నమా?"

"లావే. పొడుగు కూడా."

"అయితే ఇంకొంచెం లావు తీగది తీసుకో. పొడవు అన్నీ ఒకటే. వెడల్పు సెప్పు. మంచం కొలిసినావా?"

ఇదిగో, ఇక్కడే నా పొగరు నన్ను ముంచింది. మగ్గం ఇంట్లో పుట్టి, మగ్గం ఇంటికి కోడలైనదాన్ని. మా ఇంట్లో పడుగైనా, వాకిలైనా, మంచమైనా మూరతోనే కొలుస్తాం. వడ్రంగికి మా ఆయన చెయ్యి చాపి చెప్పడం నా కళ్ళ ముందే ఉంది: "వెడల్పు రెండున్నర మూరలు, దానికి వేలెడు తగ్గినా ఒప్పుకోను."

"రెండున్నర మూరలు" అని, పరుపు మీద నా మోచెయ్యి ఆనించి కొలిచి చూపించాను. తిరుపాల్ టేపు పెట్టాడు.

"మూడున్నర అడుగులు. ఇద్దరికి ఇరుకైతుందమ్మా. నాలుగడుగులదేమో, ఇంటికి పోయి టేపుతో ఒకసారి కొలుసుకుని రాకూడదా?"

"మాకు కొలతలు నేర్పిస్తాండావా అప్పా? ముప్పై ఏండ్లు ఇద్దరం దాని మీదనే పండుకున్నాం" అన్నాను.

అతను మూడున్నర అడుగులదే దింపించాడు. తొమ్మిదివేల రెండొందలకు ఇచ్చాడు. ఎమ్మిగనూరు వైపు వెళ్ళే ఆటో ట్రాలీ వాడితో మాట్లాడి, పరుపును తాళ్ళతో కట్టించి, నన్ను ముందు కూర్చోబెట్టాడు. వెళ్ళేముందు నా ఫోను నంబరు రాసుకున్నాడు.

ఇంటికి వచ్చాక ట్రాలీ వాడూ జయమ్మా కలిసి పాత పరుపు తీసి, కొత్తది మంచం మీద వేశారు. వాకిలి వైపు ఎనిమిది వేళ్ళ వెడల్పున చెక్క ఖాళీగా కనిపించింది. ఇటు జరిపినా అటు జరిపినా ఆ ఖాళీ పోలేదు.

"యాడ కొలిసినావక్కా రుద్రక్కా? ఇంత తక్కువొచ్చిందే!" అంది జయమ్మ. "ఇప్పుడే ఫోన్ సెయ్. మార్చిస్తాడు."

"సరేలే, సేస్తాలే" అని పంపించేశాను. పాత పరుపును హుసేనమ్మ ఇంటి దగ్గర వేయమని జయమ్మ చేతికే ఇచ్చాను. హుసేనమ్మ దూది ఏకుతుంది, ఎవరి బొంతలకైనా పనికొస్తుంది. ఒకసారి ఏకిందంటే గుంతలన్నీ పోతాయి. జయమ్మ దాన్ని చుట్టి నెత్తిన పెట్టుకుని వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాను. లోపలికి వచ్చి ఏడ్చాను.

ఏడుపయ్యాక మంచం ముందు కూర్చుని చెయ్యి ఆనించి కొలిచాను. నా చేతికి మంచం మూడు మూరలకు కాస్త తక్కువ. రెండున్నర ఎక్కడిది? ఆయన చెబుతున్నప్పుడు చాపింది ఆయన చెయ్యి. దుకాణంలో నేను ఆనించింది నా చెయ్యి. రెండున్నర మూరలకు ఎనిమిది వేళ్ళు తగ్గిందంటే, మూరకు మూడు వేళ్ళ తేడా. ముప్పై ఏళ్ళు ఆ చేతి పక్కన పడుకున్నాను. అది నా చేతికన్నా మూడు వేళ్ళు పొడుగని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, చూసుకుందామన్నా ఇప్పుడు వీలుకాదు.

పరుపు మీది ప్లాస్టిక్ కాగితం చించి పారేశాను. పరుపును గోడ వైపుకు, నా పాత చోటుకు జరిపాను. ఖాళీని వాకిలి వైపు వదిలేశాను. ఆ రెండు రోజులూ నిద్ర సరిగా పట్టలేదు. పడుకుంటే ఎటూ జారదు, ఎవరి వైపుకూ ఒరగదు. చెయ్యి మాత్రం పక్కకు వెళ్ళి ఆ చెక్క మీద ఆగేది. చెక్క చల్లగా ఉండేది. మూడో రోజు పొద్దున లేచేసరికి నడుం తేలికగా ఉంది. మగ్గం గుంటలోకి దిగి రెండు గంటలు నేశాను. నొప్పి రాలేదు. రాలేదని సంతోషించాలి కదా, నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

అప్పుడే ఫోను మోగింది. తిరుపాల్.

"అమ్మా, పరుపు బాగుండాదా? కొన్నోళ్ళందరికీ మూడో దినం ఫోన్ సేసి అడగడం నాకు అలవాటు. మీ ఆయన ఏమంటాండాడు?"

మగ్గం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆయన మూరకు మూడు వేళ్ళు తక్కువైందప్పా" అన్నాను.

"నేను సెప్తినే! ఇద్దరికి ఇరుకైతుందని ఆ పొద్దే సెప్తి. పర్వాల్యాదు, కాగితం చించినా పర్వాల్యాదు. ట్రాలీ పంపిస్తా, నాలుగడుగులది మార్చిస్తా. పైన కొంచెం ఇస్తే సాలు."

మంచి మనిషి. అంత మంచి మనిషికి ఇంకా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"వద్దులేప్పా" అన్నాను. "పండుకునేది నేనొక్కదాన్నే."

ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి. ఫోను పక్కన పెట్టి, ఆగిన చోటి నుంచి మళ్ళీ నేయడం మొదలుపెట్టాను.